ప్రసూన మేడం జవాబులు

సెప్టెంబర్ 3, మంగళవారం

పొద్దున్న కాఫీ కలుపుకుంటుంటే పడగ్గదిలో ప్రసూన ఫోను టింగుమంది. గిన్నె చేత్తో పట్టుకునే వెళ్ళాను. ఆమె పోయాక కూడా ఆ ఫోనుకి రోజూ ఛార్జింగ్ పెడుతున్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

మెసేజి. ‘మేడం, నేను దుర్గాదేవిని. తాడేపల్లిగూడెం కాలేజీ, బీఏ రెండో సంవత్సరం. మీరు చెప్పినట్టు నా వ్యాసంలో చరిత్ర భాగం మళ్ళీ రాశాను. వీలైనప్పుడు చూస్తారా?’

దానికి పైన జూలైలో ప్రసూన పంపిన జవాబు ఉంది. ‘భాష బాగుంది. కానీ ఇందులో నువ్వు లేవు. ఎక్కడ నిలబడి చూశావో, ఎవరి నోట విన్నావో రాయి. - ప్ర.’ ఎవరికి రాసినా చివర అలా ‘ప్ర.’ అని పెట్టడం ఆమెకి అలవాటు. నాకు కూరగాయలు తెమ్మని రాసినా పెట్టేది.

‘మేడం పోయారమ్మా. గుండెపోటు. ఆగస్టులో. నేను వాళ్ళాయన్ని, భాస్కరరావుని’ అని టైపు చేశాను. చదువుకున్నాను. ఎవరో పరాయివాళ్ళ ఇంటి కబురులా ఉంది. చెరిపేశాను.

‘చూస్తాను’ అని పంపాను.

అబద్ధం కాదు. చూసేది నేనే కదా.

సెప్టెంబర్ 4

చూశాను. వాళ్ళది కొల్లేటిలో ఒక లంక. ఈ పిల్లకి ఊహ తెలియకముందు ప్రభుత్వం మిషన్లు పెట్టి సరస్సులో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టించిన రోజు గురించి రాసింది. ‘నీళ్ళు దారి అడక్కుండా సొంతింటికి వచ్చినట్టు వచ్చాయి’ అని ఉంది.

ఆ మాట ఎవరిదని అడిగాను. వాళ్ళ మామ్మదట.

‘అయితే మామ్మ పేరు రాయి. - ప్ర.’

‘ప్ర.’ పెట్టకపోతే అనుమానం వస్తుంది.

సెప్టెంబర్ 5

‘గురుపూజోత్సవ శుభాకాంక్షలు మేడం.’ మధ్యాహ్నం దాకా ఆ ఫోను బోర్లించి పెట్టాను.

సెప్టెంబర్ 7

చవితి. మాకు ఈ ఏడాది పండగలు లేవు. వాన. కైకలూరు రోడ్డు మీదకి కొల్లేటి నీళ్ళు ఎక్కాయట, బస్సులు ఆపేశారు. దుర్గాదేవి వాళ్ళ ఊరు ఎలా ఉందో కనుక్కున్నాను. ఇళ్ళలోకి రాలేదట. ‘మీరు అడిగారని అమ్మకి చెప్తాను మేడం’ అంది.

సెప్టెంబర్ 12

పాండురంగారావుగారు ఫోన్ చేశారు. ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరైన మనిషి. ఆయనా ప్రసూనా కలిసి ఏటా జిల్లాలోని డిగ్రీ పిల్లల వ్యాసాలు తెప్పించి, దిద్ది, పుస్తకం వేసేవారు. చరిత్ర ఒక భాగం, సైన్స్ ఒకటి, ఆర్థికం, కళలు.

‘‘ఈసారి మానేద్దామనుకున్నానండీ. కానీ ఆవిడ పేరు మీదే వేద్దామంటున్నారు అందరూ. ఆవిడ నంబరుకి వచ్చిన వ్యాసాలేమన్నా మిగిలాయా?’’

‘‘ఏమీ లేవండీ’’ అన్నాను.

ఫోన్ పెట్టేశాను. నాకు కోపం వచ్చింది, ఆయన మీద. దుర్గాదేవి వ్యాసం పూర్తి కానిదే ఎవరికీ ఇచ్చేది లేదు. ప్రసూన సగంలో ఉన్న కాగితం ఎప్పుడూ ఎవరికీ ఇవ్వలేదు.

సెప్టెంబర్ 15, ఆదివారం

వదిన వచ్చింది, తణుకు నుంచి. ప్రసూన అక్క సీతారావమ్మ. చీరలు సర్దడానికని వచ్చి, బీరువా తెరిచి ఒక్కటీ తీయకుండా మూసేసింది.

‘‘మరిదిగారూ, ఈ ఫోను ఇంకా ఎందుకండీ? నంబరు తీసేయించెయ్యండి.’’

‘‘బ్యాంకు మెసేజీలు వస్తాయి.’’

వదిన ఫోను వైపే చూస్తూ కూర్చుంది. ‘‘దాని గొంతు ఏమన్నా ఉందాండీ ఇందులో?’’

వెతికితే ఒకటి దొరికింది. వస్తూ కొత్తిమీర తెమ్మని, కిందటిసారిలా వడలిపోయింది తేవద్దని. వదిన మూడోసారి పెట్టమంది. అప్పుడే పైన మెసేజి వచ్చి పడింది, దుర్గాదేవి అని.

‘‘ఎవరీ పిల్ల?’’

‘‘స్టూడెంటు. తెలీదు పాపం, చెప్తాను.’’

‘‘ఇప్పుడే చెప్పెయ్యండి.’’

‘‘ఫోన్ చేసి నెమ్మదిగా చెప్తాను వదినగారూ. చిన్నపిల్ల.’’

వదిన బస్సెక్కాక వచ్చి జవాబు రాశాను. దుర్గాదేవి ఈసారి, చేపలు తెల్లవారుజామున నీటి పైకొచ్చి నోళ్ళు తెరవడం గురించి రాసింది. అప్పుడు నీళ్ళలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుందట. కారణం వివరంగా ఉంది, పుస్తకంలోంచి ఎత్తినట్టు. ‘నువ్వు చూసింది మొదట రాయి, కారణం తరవాత చెప్పు. - ప్ర.’

పంపాక ఆశ్చర్యపోయాను. నాకు వ్యాసాలు దిద్దడం ఎప్పుడు వచ్చింది? ఇరిగేషన్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఫైళ్ళ మీద ‘పరిశీలించి నివేదించగలరు’ అని రాసినవాణ్ణి.

సెప్టెంబర్ 24

ఇప్పుడు దాదాపు రోజూ రాస్తోంది. చెరువులు లీజుకి తీసుకునేవాళ్ళు, గట్టు మీద షెడ్డులో కాపలా ఉండేవాళ్ళు, చేపల పట్టుబడి రోజున వల లాగేవాళ్ళ పాట. ఆ పాటలో రెండు చరణాలు వాళ్ళ అమ్మ మంగ పాడగా రాసుకుందట. వాళ్ళ నాన్న రాంబాబు, నరసింహరాజు అనే ఆయన చెరువు దగ్గర కాపలా.

ఇవాళ ఫోన్ చేసింది. ఎత్తలేదు. ‘గొంతు బాగోలేదు, రాయి’ అని పెట్టాను. ‘తొందరగా తగ్గాలి మేడం, మిరియాల పాలు తాగండి’ అంది.

సాయంత్రం మిరియాల పాలు కాచుకుని తాగాను.

సెప్టెంబర్ 29

దుర్గాదేవి మాటల మధ్యలో రాసింది: ‘అన్నయ్య పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే మేడం, అందుకే సెలవు దొరికితే ఊరెళ్ళిపోతాను.’

ఎలా పోయాడని అడిగాను.

‘కరెంటు కొట్టి మేడం. ఏరియేటర్ దగ్గర. రెండేళ్ళయింది. పేరు వినయ్.’

ఆమె వ్యాసంలో ఏరియేటర్ల గురించి ఒక పేరా ఉంది. నీళ్ళని చిలికి గాలి కలుపుతాయని, చేపలు బతుకుతాయని. అన్నయ్య ఊసు లేదు.

అక్టోబర్ 1

పొద్దున్న ఫోను చూస్తే నా కంటే ముందే జవాబు వెళ్ళి ఉంది.

‘అమ్మాయ్, అన్నయ్యని ఎందుకు దాటేశావు? వ్యాసమంతా ఆ పక్కనే తిరుగుతోంది. అక్కడే ఆగి రాయి. - ప్ర.’

ఇది నేను రాయలేదు. నేనెవరినీ ‘అమ్మాయ్’ అని పిలవను. ప్రసూన పిలుస్తుంది.

నిన్న పెందరాళే నిద్రపోయాను. నా కళ్ళజోడు ఆమె టేబుల్ మీద ఉంది. అక్కడ ఎందుకు పెట్టానో గుర్తులేదు.

నేను రాయలేదు.

అక్టోబర్ 2

దుర్గాదేవి నుంచి ఏమీ రాలేదు.

అక్టోబర్ 3

రాలేదు. కొత్తిమీర ఎక్కువ తెచ్చేశాను, ఒక్కడికి.

అక్టోబర్ 6, ఆదివారం

వచ్చింది. ‘మీరు అడిగింది నిజమే మేడం. దసరా సెలవులకి వెళ్తున్నాను. ఆ రోజు ఏం జరిగిందో నాకు సరిగ్గా ఎవరూ చెప్పలేదు. ఈసారి అడుగుతాను. మీరు అడక్కపోతే నాకు ధైర్యం వచ్చేది కాదు.’

చదివి ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. వద్దని రాద్దామనుకున్నాను. ప్రసూన అయితే వద్దనేది కాదు. ఆమె తన ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏ పిల్లనీ వద్దనలేదు. ఆమెకి వ్యతిరేకంగా నేనెలా రాస్తాను?

‘వెళ్ళిరా. - ప్ర.’

అక్టోబర్ 13

కొత్త భాగం పంపింది. చదివాను. ఆ పిల్ల నాన్న నోరు విప్పలేదట. వినయ్‌తో పనిచేసిన ఏసుకుమార్ అనే అతను చెప్పాడు. ఆ మిషను అంతకుముందు నుంచీ ముట్టుకుంటే జిల్లుమనేదట. ఎర్త్ వైరు లేదు. నరసింహరాజుకి చెప్తే, ‘పట్టుబడి అయ్యాక బాగుచేయిద్దాం’ అన్నారట. తెల్లవారుజామున చేపలు పైకి తేలుతున్నాయని రాంబాబే కొడుకుని లేపి, ‘మిషను వెయ్యరా’ అని పంపాడు.

అదీ అతను నోరు విప్పకపోవడానికి కారణం.

ఆ పేరాలో పెద్ద మాటలు ఒక్కటీ లేవు. కామా కూడా మార్చలేదు నేను.

‘ఇదే. - ప్ర.’

అక్టోబర్ 17

‘మేడం, నేను అడుగుతూ తిరిగిన సంగతి రాజుగారికి తెలిసింది. నాన్నని పని మానేయమన్నారు. షెడ్డు ఖాళీ చేశాం. నాన్న నాతో మాట్లాడటం లేదు. నేనిప్పుడు ఏం చెయ్యాలి మేడం?’

అక్టోబర్ 18

జవాబు ఇవ్వలేదు.

అక్టోబర్ 20

ఇవ్వలేదు. ప్రసూన మొదలుపెట్టింది, ఆమే రాయాలి. కళ్ళజోడు ఆమె టేబుల్ మీదే పెట్టి పడుకున్నాను. పొద్దున్న ఫోనులో ఏమీ లేదు.

అక్టోబర్ 21

ఏమీ లేదు.

అక్టోబర్ 22

రెండుసార్లు ఫోన్ చేసింది. ‘మేడం, ఉన్నారా?’

అక్టోబర్ 24, గురువారం

వచ్చింది.

మధ్యాహ్నం భోజనం చేసి చెయ్యి కడుక్కుంటుంటే గేటు చప్పుడైంది. పల్చటి పిల్ల, కాలేజీ బ్యాగు, పాసింజర్ బండి దిగి నడిచి వచ్చినట్టుంది, మొహమంతా చెమట. కిందటేడాది పుస్తకం వెనక అట్ట మీద మా అడ్రసు ఉంది కదా.

‘‘ప్రసూన మేడంగారి ఇల్లేనాండీ?’’

‘‘అవునమ్మా.’’

‘‘నేను దుర్గాదేవినండీ. మేడంకి ఒంట్లో బాగోలేదేమోనని… ఫోను ఎత్తట్లేదు. ఒకసారి చూసి వెళ్ళిపోతానండీ.’’

లోపలికి రమ్మన్నాను. వచ్చింది. హాల్లో పటం, దండ, దీపం. నేను చెప్పక్కర్లేకపోయింది. ఆ పిల్ల పటం దగ్గరికి వెళ్ళి కింద రాసి ఉన్న తేదీ చదివింది. వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుంది. మళ్ళీ చదివింది.

‘‘ఆగస్టా అండీ?’’

‘‘అవునమ్మా.’’

‘‘మరి నాకు రాసిందెవరండీ?’’

‘‘జూలైలో వచ్చింది ఆమె రాసిందే. తరవాతవి… నేను.’’

‘‘మామ్మ పేరు రాయమన్నది?’’

‘‘నేనే.’’

‘‘అన్నయ్యని ఎందుకు దాటేశావన్నది?’’

ఈ డైరీలో ఇన్నాళ్ళూ ఆ జవాబు నేను రాయలేదనే రాసుకుంటూ వచ్చాను. నిజానికి ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. ఆమె కుర్చీలో కూర్చుని, ఆమె కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, నాది పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ రాశాను. ‘అమ్మాయ్’ అని పెట్టినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. సంతోషంతో. ఆమె గదిలో ఉన్నట్టే ఉంది.

‘‘అదీ నేనేనమ్మా’’ అన్నాను.

ఆ పిల్ల ఏడవలేదు. నేను ఏడ్చాను. మంచినీళ్ళు ఇస్తే తీసుకోలేదు.

‘‘ఆవిడ అడిగారని మా నాన్నని అడిగానండీ. మా నాన్న దండం పెట్టి, వద్దమ్మా అన్నారండీ. మేడంకి మాట ఇచ్చాను అన్నాను.’’ బ్యాగు భుజానికి వేసుకుంది. ‘‘మీరొచ్చి చెప్పండి మా నాన్నకి. నేనైతే చెప్పలేనండీ, లేనావిడ మాట పట్టుకుని అడిగానని.’’

‘‘వస్తాను.’’

‘‘ఆదివారం రండి’’ అని వెళ్ళిపోయింది. అప్పుడే వాన మొదలైంది, తడుస్తూ వెళ్ళింది. గొడుగు పట్టుకుని వెనకాల పరిగెత్తాను గాని మలుపు తిరిగిపోయింది.

అక్టోబర్ 25

పాండురంగారావుగారికి జరిగిందంతా చెప్పాను. ‘‘మేం తప్పు చేశామండీ భాస్కరరావుగారూ, ఆవిడ పోయాక మిమ్మల్ని ఒక్కరోజు కూడా వచ్చి చూడలేదు’’ అన్నారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

అక్టోబర్ 27, ఆదివారం

వెళ్ళొచ్చాను.

కైకలూరు బస్సులో వెళ్ళి, చెప్పిన చోట దిగితే దుర్గాదేవి నిలబడి ఉంది. నమస్కారం పెట్టలేదు. ఆటో, అక్కణ్ణించి పడవ. గుర్రపుడెక్కని తెడ్డుతో తోసుకుంటూ తీసుకెళ్ళాడు పడవతను. దూరంగా గూడబాతులు గుంపుగా కూర్చుని ఉన్నాయి, మా వైపు చూడనైనా చూడలేదు. దారిలో కుడిచేతి వైపు ఒక చెరువు, గట్టు మీద రేకుల షెడ్డు, నీళ్ళలో తెల్లటి నురగ చిమ్ముతూ మిషన్లు. ఆ పిల్ల అటు తిరగలేదు. నేను అడగలేదు.

రాంబాబు నాకంటే పదేళ్ళు చిన్నవాడు. చూడటానికి పెద్దవాడిలా ఉన్నాడు. లేచి నిలబడి కుర్చీ వేశాడు. మంగ గడప దగ్గర కూర్చుంది. అంతా చెప్పాను. ప్రసూన పోయిందని, ఆమె పేరుతో నేను రాశానని, అన్నయ్య గురించి అడిగింది నేనని. చెప్పేటప్పుడు మధ్యలో ‘ప్రసూన అయినా ఇదే అడిగేది’ అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని నాకు వినిపించలేదు.

రాంబాబు తల ఎత్తాడు.

‘‘ఏవండీ, మీకు మా నుంచి ఏం కావాలండీ?’’

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

‘‘రాజుగారితో నేను మాట్లాడతాను’’ అన్నాను చివరికి. ‘‘మా ఆఫీసు వాళ్ళు…’’

‘‘వద్దండి. మీరు మాట్లాడింది చాలండి.’’

మంగ లేచి మజ్జిగ తెచ్చింది. నా చేతికి ఇచ్చి, అక్కడే నిలబడి, ‘‘మావాడి గురించి ఏం రాసిందో చదవండి’’ అంది. ‘‘అది చదవమంటే చదవట్లేదు. ఈయన వినరు. నాకు చదువు రాదు.’’

రాంబాబు బయటికి వెళ్ళిపోతాడనుకున్నాను. గుంజకి ఆనుకుని అలాగే నిలబడ్డాడు. దుర్గాదేవి ఫోనులో తీసి నాకు ఇచ్చింది. నా సొంత గొంతుతో చదివాను. తెల్లవారుజామున నాన్న లేపడం, వాడు లుంగీ ఎగ్గట్టుకుని ‘ఇదిగో వెళ్తున్నా’ అనడం, తరవాత చప్పుడు ఆగిపోవడం. ‘మా నాన్న ఆ రోజు చేపల్ని బతికించడానికి లేచారు’ అని ఉంది అక్కడ. ‘మిషను పాడైందని ముందే చెప్పింది కూడా మా నాన్నే.’

రాంబాబు నేలకేసి చూస్తూ విన్నాడు.

‘‘ఆ మాట రాశావా?’’ అన్నాడు కూతురితో. అంతకుముందు ఎన్నాళ్ళయిందో వాళ్ళు మాట్లాడుకుని.

‘‘ఏసుకుమార్ బాబాయి చెప్పాడు నాన్నా. రెండుసార్లు చెప్పావంట కదా.’’

‘‘ఆయ్. మూడుసార్లు చెప్పాను.’’

మేం పడవ ఎక్కేటప్పుడు గట్టు దాకా వచ్చాడు. ‘‘అచ్చు వేయించుకోండి. రాజుగారి పేరు వద్దండి. మావాడి పేరు మాత్రం ఉండాల. ఆయన పేరు ఊరందరికీ తెలుసండి. మావాడి పేరే మర్చిపోతున్నారు.’’

నవంబర్ 3

పాండురంగారావుగారికి వ్యాసం ఇచ్చాను. దుర్గాదేవి ఇమ్మంది, రెండు మాటల మెసేజి, నా నంబరుకి. నేను దిద్దినవి అన్నీ తీసేసి, తన మాటల్లో తిరిగి రాసిందట. మామ్మ పేరు ఒక్కటి ఉంచింది.

నవంబర్ 10

రాంబాబుకి ఉంగుటూరు దగ్గర రైసు మిల్లులో కాపలా దొరికింది. పాండురంగారావుగారి పాత శిష్యుడి మిల్లు. లంకలో ఇంటికి తాళం పెట్టి వచ్చేశారు. మంగకి మిల్లు దుమ్ము పడటం లేదట, దగ్గు.

నా వల్లే. ఇందులో ‘కానీ’ అని మొదలుపెట్టి ఏదో రాయబోయాను. కొట్టేశాను.

నవంబర్ 18

వదిన వచ్చి చీరలు తీసుకెళ్ళింది. కొత్తిమీర తెమ్మన్న మాట తన ఫోనులోకి పంపించుకుంది. నంబరు తీసేయించాను.

డిసెంబర్ 9

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆమె ఉన్నట్టు లేదు. లేనట్టు ఉంది. ఇన్నాళ్ళకి.

జనవరి 25, శనివారం

పుస్తకం వచ్చింది. మా ఏలూరులోనే చిన్న సభ. బ్యానర్ మీద ప్రసూన ఫోటో. నేను చివరి వరసలో కూర్చున్నాను, ముందుకి రమ్మన్నా వెళ్ళలేదు.

దుర్గాదేవి తన వ్యాసం చదివింది. చరిత్ర పిల్లలూ, సైన్స్ పిల్లలూ, కళల వాళ్ళూ, ఎవరి వ్యాసం వాళ్ళు చదివారు. ఈ పిల్లది ఏ భాగంలో పెట్టాలో పాండురంగారావుగారికి తేలక అన్నిటికంటే ముందు పెట్టారు. వినయ్ పేరు వచ్చినప్పుడు ఆమె ఆగలేదు, గొంతు తగ్గించలేదు. వాక్యంలో మిగతా మాటల్లాగే చదివి ముందుకి వెళ్ళింది. రాంబాబు చొక్కా పై గుండీ దాకా పెట్టుకుని, చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడి విన్నాడు. కుర్చీ ఖాళీ ఉన్నా కూర్చోలేదు.

చదివి దిగాక ఆ పిల్ల నా వరస పక్కనుంచే వెళ్ళింది. చూడలేదు. చూస్తుందని నేనూ అనుకోలేదు.

బయట టీ ఇస్తుంటే మంగ నా దగ్గరికి వచ్చింది. బాగా చిక్కిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గి, ఆగి, బ్యానర్ మీది ఫోటో వైపు చూసింది.

‘‘బాగా చదివిందాండీ మా పిల్ల?’’

‘‘చాలా బాగా చదివిందమ్మా.’’

‘‘ఆవిడ ఉంటే ఏమనేవారండీ?’’

నోటి దాకా వచ్చింది. ఎలా అంటుందో, ఏ మాటతో మొదలుపెడుతుందో, చివర ఏం పెడుతుందో. మంగ ఆశగా చూస్తోంది.

‘‘నాకు తెలీదమ్మా’’ అన్నాను.